ఏడో నంబరు ఫోనుకు వంతులవారీ

ఫిబ్రవరి 8, శనివారం

మా తబితకు ఉద్యోగం వచ్చింది.

ఇంకోసారి రాస్తాను, రాయబుద్ధేస్తోంది. మా తబితకు ఉద్యోగం వచ్చింది. రాజమండ్రిలో, మేడ మీద ఆఫీసులో, ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగం. డిప్లొమా అయిన ఏడేళ్లకు, ఉన్న పరీక్షలన్నీ రాసి, ఇక కుట్టుమిషను కొనుక్కుంటానని అది మొండికేసిన నెలలోనే వచ్చింది. దేవునికి స్తోత్రం.

ఈ నోటుపుస్తకం ఇవాళే పాలకొల్లు బస్టాండులో కొన్నాను. కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేసిన ముప్పై ఒక్క ఏళ్లూ పొద్దున్నే నీటిమట్టం చూసి రిజిస్టరులో రాసేవాణ్ణి. రిటైరైన దగ్గర్నుంచి రాయడానికి ఏమీ లేకపోయింది. ఇప్పుడుంది.

ఉద్యోగం ఏంటంటే సెల్‌ఫోన్లు పరీక్ష చేయడం. ఆ ఆఫీసువాళ్లు తక్కువ ధర ఫోన్లు తీసుకుని, బ్యాటరీ ఎంతసేపు ఉంటుంది, ఎంతసేపట్లో చార్జింగు ఎక్కుతుంది అని చూసి రిపోర్టు రాస్తారు. ఆ రిపోర్టు చూశాకే పెద్ద షాపులవాళ్లు సరుకు కొంటారట. తబితకు మొదటి మూడు నెలలూ టెంపరరీ. దాని మొదటి రిపోర్టు నిలబడితే పర్మినెంటు.

సంపూర్ణ అన్నం పెడుతూ, "ఏవండీ, ఊరంతా చెప్పేశారు కదా, ఇంకా కాగితం మీద ఎందుకు?" అంది. ఊరంతా కాదు. అవతలి గట్టు మిగిలింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

అవతలి గట్టు కూడా అయింది. గుడిలో సాక్ష్యం చెప్పాను. ఇంత సేపా అన్నట్టు పాస్టరు అయ్యగారు రెండుసార్లు గడియారం చూశారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

తబిత వారానికే మనిషి మారిపోయింది. మెడలో ఫోటో ఉన్న కార్డు. అన్నం తినేటప్పుడు కూడా తీయలేదు, నేను తీయనివ్వలేదు.

చేతిసంచిలోంచి ఒక ఫోను తీసి నాకిచ్చింది. వెనకాల కంపెనీ పేరు కనబడకుండా తెల్ల కాగితం అంటించి, 7 అని రాశారు. ఇలాంటివి ఎనిమిది ఫోన్లు ఎనిమిది ఇళ్లకు ఇచ్చారట. మిగతా ఏడూ రాజమండ్రి, కాకినాడ, భీమవరం టౌన్లలో ఉన్నాయి. పల్లెటూరికి వచ్చింది ఇదొక్కటే. నా నొక్కుడు ఫోనులోని సిమ్ము తీసి ఇందులో వేసింది.

"నాన్నా, పదిహేను రోజులు దీన్ని మామూలుగా వాడు. మాట్లాడు, పాటలు విను, వీడియోలు చూడు, అమ్మకివ్వు. అయిపోతే చార్జింగు పెట్టు. ఈ కాగితంలో రాస్తూ ఉండు."

కాగితంలో నాలుగు గళ్లు ఉన్నాయి. ఎంత శాతం దగ్గర చార్జింగు పెట్టారు, ఎంతసేపట్లో నిండింది, మళ్లీ ఎన్నాళ్లకు అయిపోయింది, రోజుకు ఎలా వాడారు.

"ముద్దు చేయకు," అంది.

"ఫోన్ని ఎవరైనా ముద్దు చేస్తారేంటి?"

"నువ్వు చేస్తావు. నా పదో తరగతి హాల్ టికెట్టుకు ఇస్త్రీ చేయించావు."

అది మడతపడిందనే చేయించాను.

రిపోర్టు నిలబడాలి. అంటే ఫోను నిలబడాలి. ఆ మాత్రం నాకు తెలియదా. బస్సెక్కించి వచ్చాక ఫోన్ని బీరువాలో చీరల మధ్య పెట్టాను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఉదయం 6: 100. ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఉదయం 6: 94. ముట్టుకోలేదు.

మరి ఆరు ఎవరు తాగినట్టు? కాలువ గట్టుకు ఎండ్రకాయలు బొరియలు పెడితే పైకి ఏమీ కనబడదు, తెల్లారేసరికి నీళ్లు మాత్రం దిగిపోతాయి. ఇందులోనూ ఎక్కడో బొరియ ఉంది. పక్కింటి కుర్రాణ్ణి అడిగితే నెట్టు ఆపేయమన్నాడు. ఆపేశాను. తెర వెలుతురు తగ్గించమన్నాడు. తగ్గించాను. ఇప్పుడు ఎండలో అంకె కనబడదు, బీరువా తలుపు చాటుకు తీసుకెళ్లి చూడాలి.

ఫిబ్రవరి 19, బుధవారం

ఉదయం 6: 91.

ఆలోచించాను. రెండో పంట దాళ్వాకి నీళ్లు చాలనప్పుడు మేము ఏం చేసేవాళ్లం? వంతులవారీ. ఈ కాలువకు మూడు రోజులు, ఆ కాలువకు మూడు రోజులు. వంతు లేనివాడి తూము మూసేయడమే, వాడు ఎవరి బావమరిదైనా సరే. అలాగే పంట ఒడ్డెక్కేది.

అందుకని ఏడోవాడికి ఇవాళ్టి నుంచి వంతులవారీ పెట్టాను. ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఆన్‌లో ఉంటాడు, ఎవరైనా చేస్తే ఎత్తుతాను. తర్వాత స్విచ్ ఆఫ్. సాయంత్రం ఐదింటికి ఒక గంట. సంపూర్ణకు గురువారం, ఆదివారం.

ఎండలు అప్పుడే ముదురుతున్నాయి, వేడికి బ్యాటరీ దిగిపోతుందట. అందుకని ఆఫ్‌లో ఉన్నంతసేపూ మంచినీళ్ల కుండ మూత మీద, తడిగుడ్డ పిండి నాలుగు మడతలు వేసి, మధ్యలో ప్లాస్టిక్ కవరు పెట్టి, దాని మీద పడుకోబెడుతున్నాను.

సంపూర్ణ నీళ్లు ముంచుకోవడానికి వచ్చి, గ్లాసు పట్టుకుని ఫోను వైపు వంగి చూసింది.

"వీడికి జ్వరమా?"

"వేడి తగలకుండా."

"నాకు మొన్న నూటరెండు వచ్చినప్పుడు గుడ్డ తడిపింది నేనే అనుకుంటానండి."

ఫిబ్రవరి 20, గురువారం

ఉదయం 6: 88. సాయంత్రం 6: 83.

సంపూర్ణ వంతు. తునిలో ఉన్న దాని చెల్లెలు హెలెన్‌కు కంటి ఆపరేషనయింది, నిన్న కట్టు విప్పారు. వీడియోలో చూడాలంది. వీడియో అంటే లాకు తలుపులు రెండూ ఎత్తేసినట్టే. నాలుగు నిమిషాలు ఇచ్చాను. చేతి గడియారం చూసి చెప్పాను. నాలుగు నిమిషాలయ్యాక హెలెన్ ఇంకా "అక్కా, నీ మొహం ఎంత తెల్లగా" అంటోంది. కట్ చేశాను.

సంపూర్ణ ఫోను కుండ మూత మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది. రాత్రి పులుసులో ఉప్పు లేదు. అడిగితే, "ఉప్పుకి వంతు శనివారం," అంది.

ఫిబ్రవరి 22, శనివారం

76.

ఆరు రోజులు. ఇంకా 76. తమ్ముడు డేనియల్ పోలవరం నుంచి పొద్దున్న ఆరూ ఇరవైకి చేశాడు. వాళ్ల కొడుకు ఫోను సాయంత్రానికే అయిపోతుందట. "మాది వారం దాటుతుంది రా," అన్నాను. "వారమా!" అని రెండుసార్లు అడిగాడు. వినడానికి హాయిగా ఉంది, కానీ వంతు అయిపోతోందని పెట్టేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

గుడి అయ్యాక ఫోను అందరికీ చూపించాను. దూరం నుంచే. మా ఫిన్నీ బావ రెండు కావాలన్నాడు, ఒకటి తనకు, ఒకటి కోడలికి. షాపులోకి రాగానే చెబుతానని మాటిచ్చాను.

మధ్యాహ్నం తబిత వచ్చి కాగితాన్ని ఫోటో తీసుకుంది. బస్సుకు టైమవుతోందని పూర్తిగా చదవలేదు.

"మామూలుగానే వాడావు కదా నాన్నా?"

"మామూలుగానే."

నాలుగో గడిలో కూడా ఆ మాటే రాశాను. నా మామూలు అదే. ఒక్కో మనిషికి ఒక్కో మామూలు ఉంటుంది. సంపూర్ణ అప్పుడు గుమ్మంలోనే ఉంది. నా వైపు చూసి, కుండ మీది గుడ్డ తీసి, పిండి, మళ్లీ పరిచింది. తబిత చూడలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

సాయంత్రం నా వంతులో తబిత చేసింది. మధ్యాహ్నం నుంచి చేస్తోందట, స్విచ్ ఆఫ్ అని వస్తోందట. సిగ్నలు ఉండదమ్మా ఇక్కడ అన్నాను.

మిగతా ఏడు ఫోన్లూ ఒకటింపావు రోజు, మహా అయితే రోజున్నర వచ్చాయట. మాది ఎనిమిది రోజులకీ సగం పైన ఉంది. వాళ్ల ఇన్‌చార్జి ప్రసన్నకుమార్ గారు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని తబితను పిలిచి అడిగారట. "మీ ఇంట్లో ఫోను ఒక్కటే ఇలా ఎలా ఉందండి? ఈ కాగితం మీరే కూర్చుని రాశారా?"

తర్వాత నన్నడిగింది.

"నాన్నా, నిజం చెప్పు. మామూలుగానే వాడావు కదా?"

"వాడానమ్మా."

"సరే అయితే. రేపు ఆయనకు అదే చెబుతాను. మా నాన్న ముప్పై ఏళ్లు కాలువ రీడింగులు రాసిన మనిషండి, తేడా రాయరు అని చెబుతాను. నమ్మకపోతే పోనీ, ఇంకో ఉద్యోగం చూసుకుంటాను."

పెట్టేసింది. నా వంతులో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. స్విచ్ ఆఫ్ చేయడం మరిచిపోయాను.

ఫిబ్రవరి 26, బుధవారం

63. రాసినవన్నీ నిజమైన అంకెలే.

అదే రోజు, మధ్యాహ్నం

రాసినవన్నీ నిజమైన అంకెలే. మళ్లీ మొదటి నుంచి చూశాను. ఒక్కటి కూడా తప్పు లేదు.

అదే రోజు, సాయంత్రం

సంపూర్ణ చేపల బుట్ట లోవమ్మ దగ్గర రాగండి కొంటోంది. లోవమ్మ ఫోను అరుగు మీద పెట్టింది. దాని తెర మూడు చోట్ల పగిలి ఉంది. రేవులో వేలంపాటకు ఏ పడవ వచ్చిందో ఆ ఫోనులోనే వింటుంది, లేకపోతే ఉత్త బుట్టతో తిరుగుతుంది. "బాబయ్యగారూ, మీ ఫోను వారం ఉంటాదంట కదండి. షాపులోకి వచ్చాక నాకూ చెప్పండి. దీనికి మజ్జాన్నానికే ఊపిరాడటంలేదండి," అంది.

చెబుతానన్నాను.

ఇక్కడ రాయకపోతే ఎక్కడ రాస్తాను. చాలా ఏళ్ల కిందట ఒక దాళ్వాలో మా చిన్నమ్మమ్మ మనవడి పెళ్లి ఐదు రోజులు అయింది. ఐదు రోజులూ నేను నీటిమట్టం చూసే గేజీ దగ్గరికి పోలేదు. ముందు రోజు అంకె చూసుకుని అటూ ఇటూగా రాసేశాను. కాలువ చివర, శివారులో త్రిమూర్తులు గారని ఎకరం పావు కౌలు రైతు. ఆరో రోజు ఎండిన నారు గుప్పిట్లో పట్టుకుని లాకు దగ్గరికి వచ్చారు. తిట్టలేదు. "కాగితంలో నీళ్లున్నాయంటండి. చేలోకి ఎప్పుడొస్తాయండి?" అని అడిగారు. ఆ నారు గేటు మీద పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జ్వరమొచ్చినా గేజీ చూడకుండా రాయలేదు. అది తబితకు తెలుసు, మా నాన్న తేడా రాయడని దానికి తెలుసు. ముందు సంగతి తెలియదు.

అంకెలన్నీ నిజమే. నాలుగో గడిలో మాటే అబద్ధం.

సంపూర్ణతో చెప్పాను. చేప తోముతూ, తల ఎత్తకుండా, "పొద్దున్న ఆరింటికి బస్సుందండి," అంది.

ఫిబ్రవరి 27, గురువారం

ఈ పుస్తకంలోంచి నాలుగు పేజీలు విడిగా కాపీ రాసుకున్నాను. ఎన్ని గంటలు ఆన్‌లో ఉంచాను, ఎన్ని గంటలు ఆఫ్‌లో ఉంచాను, అన్నీ. ఉప్పు సంగతి వదిలేశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

మేడ మీద ఆఫీసు. తబిత వెనకవైపు గదిలో ఉందట. దానికి చెప్పొద్దని తలుపు దగ్గర అమ్మాయితో అన్నాను. ప్రసన్నకుమార్ గారు కుర్రాడే, ముప్పై ఐదు ఉంటాయేమో, కళ్లజోడు.

"నమస్కారమండి. తబిత తండ్రినండి. ఏడో నంబరు నాదేనండి."

"రండి రండి చిట్టియ్యగారూ. కూర్చోండి. టీ తాగుతారా?"

"చెప్పాక తాగుతానండి."

నాలుగు పేజీలూ చేతికిచ్చాను. నిదానంగా చదివారు. రెండో పేజీలో ఆగి కిటికీ వైపు తిరిగారు. దగ్గు వచ్చిందేమో అనుకున్నాను.

"తడిగుడ్డ ఎందుకండి?"

"వేడెక్కకుండానండి."

"కుండ మూత మీద?"

"ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు అదేనండి. నడవలో గాలి తగులుద్దండి."

"మీరు ఫోను వాడలేదండి. కాపలా కాశారు."

"అవునండి. అమ్మాయికి తెలియదండి. తెలిస్తే నన్నే మూత మీద కూర్చోబెట్టేది. తప్పు నాదండి, దాని ఉద్యోగం మీద పెట్టకండి."

ఆయన ఆ కాగితాలు మళ్లీ మొదటి నుంచి చూశారు. రోజూ ఒకే టైముకి రాసే అలవాటు ఎక్కడిదని అడిగారు. చెప్పాను. "ఇంకో పది రోజులు వాడండి. ఈసారి దాన్ని కష్టపెట్టండి. మీ అమ్మాయి విషయం అది చూశాక మాట్లాడదాం," అన్నారు. అప్పుడు టీ తాగాను. చల్లారిపోయింది.

ప్రసన్నకుమార్ గారు పిలిచి అంతా చెప్పాక తబిత నన్ను బస్టాండు దాకా దిగబెట్టింది. దారి మధ్యలో ఒక కొట్టు దగ్గర ఆగి నాకు రోజ్‌మిల్క్ ఇప్పించింది. తాను తాగలేదు, అంత కోపంలో ఉంది.

"నిన్న ఆయనకి చెప్పాను నాన్నా. మా నాన్న అలా రాయరు అని."

"తెలుసు."

"ఎందుకు చేశావ్?"

"ఫోను ఓడిపోతే నీ ఉద్యోగం పోతుందేమోనని."

అది నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. "నాన్నా, ఎక్కడ ఓడిపోతుందో కనిపెట్టడమే నా ఉద్యోగం," అంది.

బస్సు కదిలేటప్పుడు మాత్రం కిటికీ దగ్గరికి వచ్చి, "కుండ మూత మీదా?" అంది. నవ్వలేదు. కానీ నవ్వకుండా ఉండటానికి కష్టపడింది. నేను కన్నతండ్రిని, నాకు తెలుస్తుంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

వంతులవారీ ఎత్తేశాను. ఉదయం 6కి 100తో సంపూర్ణ చేతిలో పెట్టాను.

"ఎన్ని నిమిషాలు?" అంది.

"నీ ఇష్టం."

హెలెన్‌తో యాభై రెండు నిమిషాలు. వీడియో. వాళ్లేం మాట్లాడుకున్నారో రాయడానికి ఈ పుస్తకం చాలదు. కట్టు విప్పిన మర్నాడు నేను కట్ చేసిన మాట హెలెన్ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అక్క మొహం తెల్లగా కాదు, తెల్లారినట్టు కనబడిందట. సంపూర్ణ కొంగుతో తెర తుడిచింది. తెర మీద ఏమీ లేదు.

రాత్రి 8: 31.

మార్చి 1, శనివారం

ఉదయం 11కి 9, మధ్యాహ్నానికి పోయింది. రోజుంబావు. మిగతావాళ్లు రాసినట్టే. పాపం ఏడోవాడు.

వెంటనే చార్జింగు. గంటా యాభై నిమిషాల్లో నిండింది. ఇది బాగుంది. ఇది కూడా రాశాను, మంచి రాయకూడదని ఎవరూ అనలేదు కదా.

మార్చి 2, ఆదివారం

గుడిలో ఫోను చూపించలేదు. అడిగారు. ఫిన్నీ బావ, "రెండు కాదోయ్, మూడు కావాలి," అన్నాడు. ఆయనకు ఇంకా ఏమీ చెప్పలేదు. పాట మొదలైంది, వీలు కాలేదు.

సాయంత్రం ఏడింటికి అయిపోయింది. చార్జింగు పెట్టాను. పడుకునే ముందు చూస్తే 4. ఆశ్చర్యపోయాను. ప్లగ్గు సరిగ్గా పెట్టలేదేమో.

మార్చి 3, సోమవారం

ప్లగ్గు సరిగ్గానే పెట్టాను. ఇవాళ కావాలని సాయంత్రమే పెట్టాను, పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని అరగంటకోసారి రాశాను.

6-30: 12
7: 15
7-30: 16
8: 16
8-30: 16
9: 15

తొమ్మిదింటికి ఒకటి తగ్గింది. చార్జింగు ఎక్కుతోంది అని తెర మీద పచ్చటి గుర్తు మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ గుర్తు చూసి త్రిమూర్తులు గారు గుర్తొచ్చారు.

కారణం నాకు తెలుసు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. పొద్దుగుంకగానే చెరువుల్లో గాలి కోసం ఏరేటర్ల చక్రాలు తిప్పుతారు. నాలుగు వందల చక్రాలు ఒక్కసారి తిరిగితే కరెంటు పలచబడి మా ఇంట్లో బల్బు గుమ్మడిపువ్వు రంగుకు వస్తుంది. పైవాళ్లు తాగేశాక శివారుకు వచ్చేది తడే.

మార్చి 4, మంగళవారం

కరెంటుదే తప్పంటారేమో అనిపించింది. అందుకని ఇవాళ అవతలి గట్టుకెళ్లి మా అన్న భార్య రూతు వదినను అడిగి ఆమె పాత ఫోను తెచ్చాను. దాన్నీ దీన్నీ, దేని చార్జరుతో దాన్ని, ఒకే బోర్డుకు పెట్టాను.

"ఏం మరిదీ, కొత్తదానికి తోడు కావాలా? భయపడుతోందా?" అంది వదిన. నా వెనకే వచ్చి కూర్చుంది. సంపూర్ణ ఆమెకు టీ ఇచ్చింది. ఇద్దరూ నన్ను చూడటానికి కూర్చున్నట్టే కూర్చున్నారు.

"చిన్నప్పుడు తబిత పాలు తాగుతోందా లేదా అని ఇలాగే కూర్చునేవాడు," అంది వదిన.

"తాగేదా?" అంది సంపూర్ణ, తెలియనట్టు.

"ఇతను లేచి వెళ్లాక తాగేది."

6-30 నుంచి 9 దాకా వదిన పాత ఫోను 20 నుంచి 57 ఎక్కింది. మాది 11 నుంచి 14. ఒకే బోర్డు, ఒకే కరెంటు. తబితకు చెబితే అంకెలు రెండుసార్లు చదివించుకుని, "నాన్నా, ఒక్క అక్షరం మార్చకుండా కాగితం ఫోటో తీసి పంపు," అంది. "రోజూ ఇలాగే రీడింగు పట్టు. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి."

మార్చి 5, బుధవారం

ఉదయం గంటా యాభై. సాయంత్రం రెండున్నర గంటల్లో ఎక్కింది మూడే.

ఈస్టరు ముందు వచ్చే శ్రమకాలం మొదలైంది. ఈ నలభై రోజులూ ఏం మానేస్తారని సంపూర్ణ అడిగింది. ఇంకా ఆలోచించలేదన్నాను. "ఫోను పక్కన పీటేసుకోవడం మానేయండి," అంది.

మార్చి 7, శుక్రవారం

అదే వరస.

మార్చి 9, ఆదివారం

పది రోజులు పూర్తి. నాలుగో గడి చాలక వెనకవైపు కూడా రాశాను. కాగితం తబిత పట్టుకెళ్లింది. ఫోను వచ్చే ఆదివారం తీసుకెళ్తానంది, అందాకా వాడుకోమంది.

"ఫోను ఫెయిలైనట్టేనా అమ్మా?"

"సాయంత్రాలు ఫెయిల్."

"ఏడోవాడు పగలు బాగా చేశాడు. అది కూడా రాయండి."

"రాస్తాను నాన్నా." ఈసారి నవ్వింది.

లోవమ్మ వస్తే ఆపి చెప్పాను. వారం ఉంటుందన్నది అబద్ధమని, రోజుంబావని, సాయంత్రం చార్జింగు ఎక్కదని. "మరి మొదట్లో అలా చెప్పారేంటండి?" అంది. దాచుకుని చూశానన్నాను. "అయ్యో, చేపలాగా దాచారా," అని, బుట్ట ఎత్తుకుని, నవ్వుకుంటూ వీధి చివరిదాకా వెళ్లింది.

మార్చి 12, బుధవారం

పర్మినెంటు.

సాయంత్రం ఏడున్నరకు తబిత చేసింది. సంపూర్ణ ఫోను లాక్కుని ముందు తనే విన్నది. టౌన్లలో పెట్టిన ఏడు ఫోన్లకూ ఈ సాయంత్రం సంగతి దొరకలేదట. కంపెనీ చార్జరు మారిస్తేగాని ఆ ఫోను కొనం అని షాపులవాళ్లు అన్నారట. ఇక నుంచి ప్రతి రకం ఫోనులోనూ ఒకటి శివారు ఊరికి పంపాలని తబితే రిపోర్టులో రాసిందట. ప్రసన్నకుమార్ గారు అందరి ముందూ చదివారట. కాపలా కాసిన మొదటి నాలుగు పేజీలు కూడా ఫైల్లోనే ఉంచారట, ఫోను ఎలా పరీక్ష చేయకూడదో కొత్తవాళ్లకు చూపించడానికి. ఉంచుకోనీ.

చెప్పాల్సినవాళ్లు. ఫోనులో 21 ఉంది, ఎక్కడం లేదు, ఉన్నంత వరకూ చేస్తాను.

హెలెన్, తుని: చెప్పాం. వీడియోలోనే. సంపూర్ణ మాట్లాడింది, నేను వెనక నుంచి చెయ్యి ఊపాను. 21 నుంచి 13.

డేనియల్, పోలవరం: చెప్పాను. వాడు ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఫోను వారం ఉంటుందన్న మాట కూడా వెనక్కి తీసుకున్నాను. అప్పుడు ఏడుపు ఆపి నవ్వాడు. 13 నుంచి 9.

ఫిన్నీ బావ: ఉద్యోగం సంగతి చెప్పాలి, మూడు ఫోన్ల సంగతి ఇప్పుడే వద్దు. కాదు, రెండూ చెప్పాలి. చెప్పాను. "కోడలికి ముందే చెప్పేశానోయ్," అన్నాడు. కోడలికి కూడా నేనే చెప్పాను. 9 నుంచి 3.

యోహాను, మా పెద్దమ్మ కొడుకు, అన్నవరం: "ఒరేయ్, మా తబిత ఉద్యోగం" అన్నాను, ఆరిపోయింది. వాడిప్పుడు ఏమనుకుంటున్నాడో. తెల్లారగానే మొదట వాడికే.

ఏలూరు మేనత్త: రేపు. గట్టిగా చెప్పాలి, వినబడదు.

చిన్నమ్మమ్మ మనవడు, ఆ పెళ్లికొడుకు: రేపు. అతనికి ఇంకో మాట కూడా చెప్పాలి, అతని పెళ్లికి ఒక శివారు రైతు ఎంత కట్నం చదివించాడో.

రూతు వదిన, అవతలి గట్టు: ఇప్పుడే వెళ్తున్నాను. లైటు వేసుకుందామంటే ఫోనులో చుక్క మిగల్చలేదు. వెన్నెల ఉంది. సంపూర్ణ తనూ వస్తానని చెప్పులు వేసుకుంటోంది.